దుప్పటి కింద నలభై ఎనిమిది రోజులు

తార్నాక,
22 ఏప్రిల్ 1996.

మహారాజశ్రీ ప్రాంతీయ సర్వీసు మేనేజరు గారి దివ్యసముఖమునకు,
ధవళగిరి మోటార్స్ లిమిటెడ్,
సికింద్రాబాదు.

అయ్యా,

విషయం: ‘హరిణి’ కారు గేర్‌బాక్సు – గ్యారంటీ గడువు దాటిన ఇరవై ఒకటో రోజున కాలం చేయుట – కంపెనీ ఖర్చుతో బాగుచేయించవలసినదిగా నాలుగోసారి మనవి – గురించి.

సూచిక: మా నాన్నగారు రాసిన మూడు అర్జీలు, తమరు దయచేసిన మూడు జవాబులు.

ఈ కాగితం తమ బల్ల మీద వచ్చి పడినందుకు ముందుగా సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను. తమ టీ చల్లారినందుకు, తమ కునుకు చెదిరినందుకు, తమ కంపెనీ తయారుచేసిన వస్తువును వాడే దుస్సాహసానికి మా కుటుంబం ఒడిగట్టినందుకు, అది పాడైతే నోరు మూసుకుని కూర్చోనందుకు క్షంతవ్యులము. కారు కొనేది నడపడానికి అని మేము భ్రమపడ్డాము. అది మా చదువుల లోపం.

నేను సదరు కారు యజమాని ఏసురత్నం గారి కుమారుణ్ణి. యూనివర్సిటీలో ప్రభుత్వ పాలనా శాస్త్రం ఎం.ఏ. రెండో సంవత్సరం చదువుతున్నాను. అర్జీ ఎలా రాయాలో, వచ్చిన అర్జీని ఎలా తొక్కిపెట్టాలో రెండూ మాకు సిలబస్‌లో ఉన్నవి. రెండోది తమ కార్యాలయం దగ్గర నేర్చుకుని ఉంటే ఫస్టు క్లాసు వచ్చేది. మా నాన్నగారు ఇక తమకు రాయనని కలం మూసేశారు కనుక, ఆయనకు తెలియకుండా నేను రాస్తున్నాను. మా బాధలు ఇవి.

1. 1995 ఫిబ్రవరి 27, సోమవారం నాడు ముషీరాబాద్‌లోని తమ డీలరు వద్ద కారు కొనడమైనది. బడ్జెట్టులో ధరలు పెరుగుతాయని తొందరపెట్టింది డీలరే. ఆయన డ్రైవరే దాన్ని తెచ్చి తార్నాకలో మా గేటు లోపల నిలిపి, మా అమ్మ పెట్టిన లడ్డు తిని వెళ్ళాడు. గ్యారంటీ ఆ రోజునుంచి ఒక సంవత్సరం. అంటే డ్రైవరు లడ్డు మింగకముందే గ్యారంటీ నడక మొదలుపెట్టింది. కారు మాత్రం మొదలుపెట్టలేదు.

2. ఎందుకనగా, మరునాడు మా పాస్టరు దానయ్య గారు ఊళ్ళో లేరు. ప్రార్థన చేయించకుండా కొత్త బండి కదపకూడదు. ఆ పై రోజు భస్మ బుధవారం. ఆనాటి నుంచి ఈస్టర్ దాకా మాకు శ్రమదినాలు. మా నాన్నగారిది బాపట్ల వైపు. వాళ్ళ ఇళ్ళలో శ్రమదినాల్లో పెళ్ళి చేయరు, కొత్త బట్ట కట్టరు, కొత్తది ఏదీ మొదలుపెట్టరు. కొత్త చెప్పులు సైతం అట్టపెట్టెలోనే ఉపవాసం ఉంటాయి. కారుకు సరిపడే అట్టపెట్టె దొరకక మా అమ్మ విజయకుమారి రెండు దుప్పట్లు కలిపి కుట్టి దాని మీద కప్పింది. పక్కింటి సారలమ్మ గారు రోజూ పొద్దున్నే గోడ మీదినుంచి పరామర్శించేవారు: “ఏం టీచరమ్మా, మీ కారు ఇంక లేవలేదా? జరమొచ్చిందా ఏంది?”

ఏప్రిల్ 16, ఈస్టర్ ఉదయం దానయ్య గారు బానెట్ మీద చెయ్యి ఉంచి ప్రార్థించిన మీదట కారు గేటు దాటింది. కొన్ననాటినుంచి నలభై ఎనిమిది రోజులు. కారు పని మొదలుపెట్టిన ఆ రోజునుంచి గ్యారంటీ లెక్కించవలసిందని మా మనవి. ఉద్యోగంలో చేరనివాడికి సర్వీసు లెక్కకట్టే పద్ధతి మా సిలబస్‌లో ఎక్కడా లేదు.

3. మా అమ్మ అంబర్‌పేట్‌లో మిషన్ స్కూలు టీచరు. మోకాలికి ఆపరేషన్ అయినది; సిటీ బస్సు మెట్టు ఎక్కలేదు. ఆమెను దింపి రావడానికే, రిటైరైన మా నాన్నగారు కారు కొన్నారు. ఆయన కారు నడిపితే పక్కన సైకిలు మీద పోయేవాళ్ళు కుశలప్రశ్నలు అడగవచ్చు. మూడో గేరును ఆయన దూరప్రయాణాలకని దాచిపెట్టుకున్నారు. దూరప్రయాణం ఎన్నడూ రాలేదు. పదకొండు నెలలూ తార్నాక నుంచి అంబర్‌పేట్ దాకా రెండో గేరే.

1996 మార్చి 18న అమ్మకు స్కూల్లో పరీక్ష డ్యూటీ. ఆలస్యమైంది. క్యాంపస్ రోడ్డు ఖాళీగా ఉంది. వెనక సీట్లో ఉన్న నేను విన్న సంభాషణ యథాతథంగా సమర్పిస్తున్నాను.

“ఏవండీ, ఆ మూడో గేరు కంపెనీవాళ్ళు అందానికి పెట్టారా? వెయ్యండి, గంట కొట్టేస్తారు.”

“తొందరపడకు విజయా. కొత్త బండి.”

“కొని సంవత్సరం దాటింది. ఇదింకా కొత్తదైతే నేనింకా పెళ్ళికూతుర్నే.”

నాన్నగారు మూడో గేరు వేశారు. మిక్సీలో కంకర పోసినట్టు శబ్దం వచ్చింది. గేరు రాడ్డు ఆయన చేతిలో వదులుగా ఊగింది. కారు ఆగిపోయింది. హాస్టలు కుర్రాళ్ళు నలుగురు వచ్చి, “అంకుల్, మీరు స్టీరింగ్ పట్టుకోండ్రి సాలు, మిగిలిన గేర్లు మేమేస్తం” అని ఇంటిదాకా తోశారు. తమ కంపెనీ తరఫున ఇంతవరకు మాకు అందిన సేవ ఏదైనా ఉంటే, ఆ నలుగురిదే. వాళ్ళకు తమరు జీతం ఇవ్వడం లేదు.

4. గోల్నాకలో మెకానిక్ ఉప్పలయ్య ఉన్నాడు. గేర్‌బాక్సు విప్పితే కంపెనీవాళ్ళు తప్పు తన మీదికి నెడతారని విప్పలేదు. కొంచెం ఆయిల్ తీసి వేళ్ళ మధ్య రుద్ది, ఇనుప పొడి చూపించాడు.

“సారూ, గిది మీరు ఖరాబు చేసింది కాదు. మూడో గేరు పళ్ళు కంపెనీలనే సక్కగ కొయ్యలే. మొదటి దినం నుంచే ఒర్లుతుండాలె. మీరెన్నడు ఇనలేదా?”

“ఈ పదకొండు నెలల్లో మూడో గేరు నేను వెయ్యలేదయ్యా.”

ఉప్పలయ్య మా నాన్నగారి వైపు గౌరవంగా చూశాడు. “పదకొండు నెలలా? మంచిగనే ఉన్నది. గప్పుడే ఇనుంటే కంపెనోడు నోర్మూసుకొని మార్చిచ్చేటోడు గదా.”

5. తమ డీలరు వద్ద సర్వీసు చూసే కరుణాకర్ అనే ఉద్యోగి మా మీద మోపిన నేరాలు: కారులో ఇటుకలు మోశాము, ఊళ్ళో వాళ్ళకు డ్రైవింగ్ నేర్పాము, ఎప్పుడూ రెండో గేరులో నడిపినందువల్ల మూడో గేరు చెడింది. ఇటుకలు మోసిన కారుకు నేను క్షమాపణ చెప్పగలను, అది మాది కాదు. మూడో నేరం వినగానే నాకు రోత పుట్టింది. వాడిన వస్తువు అరుగుతుందని విన్నాను. వాడనందువల్ల అరిగే వస్తువును తయారుచేసి, దానికి రంగురంగుల కాగితాలు అచ్చేసి, లేడిపిల్ల బొమ్మ వేసి అమ్మడానికి ఎంత మొహం ఉండాలి? అక్కడ సోఫాలో మా నాన్నగారిని తొమ్మిది రోజులు, రోజుకు మూడు గంటలు కూర్చోబెట్టారు. ఆ సోఫాకు నూనె కంపు. గోడ మీద ‘వినియోగదారుడే మా దైవం’ అని రాసి ఉంది. వాళ్ళ దైవానికి మంచినీళ్ళు ఇచ్చినవాడు లేడు.

6. అసలు సంగతి ఇది. కారు మొదట రోడ్డెక్కిన తేదీని యజమాని లిఖితపూర్వకంగా ధ్రువీకరిస్తే సానుభూతితో పరిశీలిస్తామని తమ రెండో జవాబులో సెలవిచ్చారు. మా నాన్నగారు స్టాంపు కాగితం మీద రాసి, సంతకం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని తీసుకుపోయారు. నేనూ వెంట ఉన్నాను. కరుణాకర్ దాన్ని అక్కడున్న అందరికీ వినిపించేలా చదివాడు.

“నలభై ఎనిమిది దినాలా? అంకుల్, బండి కొని దుప్పటి గప్పి ఎవరన్న పండవెడ్తరా? ఇంకేదన్న మంచి కథ రాసుకొని రాండ్రి.”

అందరూ నవ్వారు. మా నాన్నగారు నిదానంగా అన్నారు: “బాబూ, నేను యూనివర్సిటీ పరీక్షల విభాగంలో ముప్పై ఏళ్ళు పనిచేశాను. ప్రశ్నపత్రాల బీరువా తాళాలు నా దగ్గరే ఉండేవి. నా మాట విని ఇంతవరకు ఎవరూ నవ్వలేదు.”

“గది యూనివర్సిటీ అంకుల్. గిది కంపెనీ.”

ఆ తరువాత తమ మూడో జవాబు వచ్చింది. ‘యజమాని ధ్రువీకరణ విశ్వసనీయంగా లేనందున అభ్యర్థన తిరస్కరించడమైనది.’ ఆయన దాన్ని రెండుసార్లు చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నారు. అన్నం తినలేదు. అమ్మ మళ్ళీ రాయమంటే, “అబద్ధమాడానని ముద్రవేసి పంపారు విజయా. ఇక ఏం రాస్తాను” అన్నారు.

అయ్యా, గేర్‌బాక్సులు చెడతాయి. ఇనుము పాపిష్టిది. కానీ జీతం తీసుకునే ఒక మనిషి కుర్చీలో కూర్చుని, ఎన్నడూ చూడని మరో మనిషిని అబద్ధికుడని టైపు కొట్టించి, చదవకుండా సంతకం పెట్టి, ఆ చేత్తోనే టిఫిను తింటాడే, దాన్ని మా ఇంట్లో నీచం అంటారు. ఇంతకన్నా మర్యాదైన మాట వెతికాను, దొరకలేదు.

7. మా అమ్మ ఇప్పుడు ఆటోలో పోతున్నది. అంబర్‌పేట్ రోడ్డులో గుంతలన్నీ ఆమె మోకాలికి పేరుపేరునా తెలుసు. నిన్న స్కూలు మానేస్తానన్నది.

కనుక తమరు దయతలచి (అ) గేర్‌బాక్సు కంపెనీ ఖర్చుతో మార్పించవలసినదిగా, (ఆ) ‘విశ్వసనీయంగా లేనందున’ అనే మాటను తమ సొంత సంతకంతో వెనక్కి తీసుకోవలసినదిగా ప్రార్థన. రెండింటిలో ఒక్కటే వీలైతే రెండోది ముందు పంపండి.

ఇదంతా చిత్తగించవలెను, చిత్తగించడానికి చిత్తమంటూ ఒకటి ఆ కార్యాలయంలో ఉన్న పక్షాన.

మూడో గేరు పడేంతవరకే తమ విధేయుడు,
ఫిలిప్

తా.క.: సంతకం పెట్టాను గానీ కవరు అంటించలేకపోతున్నాను. మా నాన్నగారి ధ్రువీకరణలో ఒక తప్పున్నది. అది ఆయనకు తెలియదు. కారు దుప్పటి కింద ఉన్నది నలభై ఎనిమిది రోజులు కాదు, నలభై ఆరు.

1995 ఏప్రిల్ 14, శుభ శుక్రవారం. చర్చిలో సిలువ మీది ఏడు మాటల ఆరాధన, మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా. రెండో మాట కాగానే తలనొప్పని చెప్పి లేచి వచ్చాను. మా క్లాసులో శైలజ అనే అమ్మాయి అంతకు వారం ముందు, “గా దుప్పటి కింద నిజంగ కారున్నదా, పాత మంచమా?” అని అందరి ముందు అడిగి ఉన్నది. బీరువాలోంచి రెండో తాళంచెవి తీశాను. లేడీస్ హాస్టల్ దగ్గర ఆమెను ఎక్కించుకుని క్యాంపస్‌లో ఒక చుట్టు తిప్పాను. ఐదో మాట వేళకు కారు మళ్ళీ దుప్పటి కింద ఉన్నది. తమ డీలరు డ్రైవరు ఇచ్చిన చీటీలో మీటరు పదకొండు కిలోమీటర్లు. నాన్నగారు ఈస్టర్ ఉదయం రాసుకున్నది పదిహేను. రెండు కాగితాలూ ఆయన ధ్రువీకరణకు జతపరిచినవే, తమ ఫైలులోనే ఉన్నవి. ఆయనను అనుమానించిన వాళ్ళెవరూ వాటిని పక్కపక్కన పెట్టి చూడలేదు.

ఆ శుక్రవారం నుంచి లెక్కపెట్టినా గేర్‌బాక్సు పోయేనాటికి సంవత్సరం నిండలేదు. కోపం వస్తే నా పేరు మీద ఎంతైనా రాయండి. జవాబు ఇంటికి కాక, క్యాంపస్ హాస్టల్లో నా మిత్రుడు వెంకటేశం పేర పంపండి. మా నాన్నగారిని మాత్రం అబద్ధికుడనకండి. తనకు తెలిసినంతవరకు ఆయన నిజమే రాశారు.

ఇంకొకటి. ఆ రోజు నేను మూడో గేరు వేశాను. కరకరమన్నది. “గా సప్పుడేంది ఫిలిప్?” అని శైలజ అడిగితే, కొత్త బండి గొంతు సవరించుకుంటున్నదని చెప్పాను. ఆమె నవ్వింది. నాలుగుసార్లు వేశాను, నాలుగుసార్లూ అదే శబ్దం. ఇంటికొచ్చాక నాన్నగారితో ఒక్క ముక్క చెప్పి ఉంటే అప్పుడే మార్చేవాళ్ళు. చెబితే, ఎప్పుడు విన్నావురా అని అడుగుతారు. గ్యారంటీ బతికున్న ఆ పది నెలల పైచిలుకూ, రోజూ పొద్దున అదే కారులో వెనక సీట్లో కూర్చుని క్యాంపస్‌కు వెళుతూ, ఆ సంగతి నేను చెప్పలేదు.