నాలుగో అంతస్తు గాలి

ఏప్రిల్ 21

ఆఫీసు ఏసీ బ్లోయర్ ఆపేశాను. స్విచ్‌కి తాళం వేసి, తాళంచెవి దారానికి కట్టి మెడలో వేసుకున్నాను. ఈ వయసులో గొలుసు మోజేమిటని మా ఆవిడ నవ్వింది.

నాలుగో అంతస్తు సీలింగ్‌లో, పైపుల చుట్టూ పాత ఆస్బెస్టాస్ ఉంది. రేపటి నుంచి పీకుతారు. నాలుగుకీ ఐదుకీ గాలి వెళ్లే డక్ట్ ఒక్కటే. బ్లోయర్ తిరిగితే కింద లేచిన పొడి పైవాళ్ల నెత్తిన పడుతుంది. కంటికి కనపడని పొడి. ఊపిరితిత్తుల్లో దిగి కూర్చుంటుంది, ఎప్పుడో ముసలితనంలో జబ్బై బయటపడుతుంది. ఐదుకి కొంచెం కొంచెంగా వదలొచ్చు కదా అని మేనేజర్ అడిగాడు. అలాంటి స్విచ్ లేదండీ అన్నాను.

ఏప్రిల్ 22

నాలుగో అంతస్తు మెట్ల తలుపుకి పాలిథిన్ షీట్ కట్టారు. లోపల ఒక మిషన్ గాలిని లాగి, ఫిల్టర్ చేసి, కిటికీలోంచి బయటికి తోస్తుంది. అందుకని షీట్ ఎప్పుడూ లోపలికే వంగి ఉండాలి. వదులుగా వేలాడినా, బయటికి ఉబ్బినా పని ఆపెయ్యాలి. పీకేవాళ్ల మేస్త్రి ఇదంతా చెబుతున్నంతసేపూ, నిద్రపోతున్న పసిపిల్లని చూసినట్టు ఆ షీట్‌నే చూస్తున్నాడు. నాకు నచ్చాడు.

ఏప్రిల్ 25

ఐదో అంతస్తు ఉడికిపోతోంది. అక్కడ టెలిఫోన్ ఆపరేటర్ల హాలు. వాళ్లని ఇంకో చోట కూర్చోబెట్టమంటే లైన్లు కదలవంటాడు మేనేజర్.

హలో అమ్మాయి అని అందరం పిలిచే ఆపరేటర్‌కి నెలలు నిండాయి. కాళ్లు వాచి చెప్పులు పట్టడం లేదు. ఒక్క పావుగంట వెయ్యి బాబాయ్, ఎవరికీ చెప్పను అంది. కుదరదమ్మా అన్నాను. నీ కూతురైతే వేసేవాడివి అంది. నా కూతురైతే అసలీ మెట్లు ఎక్కనిచ్చేవాణ్ణి కాదు. ఆ మాట పైకి అనలేదు, అనాల్సింది.

ఏప్రిల్ 26

నాతో మాట్లాడటం మానేసింది.

ఏప్రిల్ 27

రాత్రి ఇంట్లో చెప్పుకుని బాధపడ్డాను. మా ఆవిడ లేచి పెడస్టల్ ఫ్యాన్ ప్లగ్ పీకేసింది. రేపు ఇది పట్టుకెళ్లి ఆ పిల్లకివ్వండి, నేను కిటికీ పక్కన పడుకుంటాను అంది. ఈవిడ మంచితనం ఎప్పుడూ నా భుజం మీదే ప్రయాణం చేస్తుంది.

ఏప్రిల్ 28

బస్సులో కండక్టర్ ఫ్యాన్‌కి కూడా టికెట్ కొట్టాడు. హలో అమ్మాయి దాన్ని చూసి ఏడ్చినంత పని చేసింది. మళ్లీ బాబాయ్ అంది. దాచడమెందుకు, నాకు చాలా సంతోషమేసింది.

ఏప్రిల్ 30, మధ్యాహ్నం

ఏసీ ప్లాంట్ రూంలో తలుపేసుకుని రాస్తున్నాను. రాస్తే కంగారు తగ్గుతుందేమో.

లంచ్ టైంలో మెట్లెక్కుతున్నాను. నాలుగో అంతస్తు మలుపులో హలో అమ్మాయి మెట్టు మీద కూర్చుని తింటోంది. ఫ్యాన్ రొద ఫోన్లలో పడుతోందని హాల్లో వద్దన్నారట. ఇక్కడ నీడ ఉంది, ప్లగ్ ఉంది అని తెచ్చుకుంది. ఫ్యాన్ వీపు షీట్‌ వైపు, దాదాపు ఆనుకుని ఉంది. అది వెనక నుంచి గాలి లాగుతుంటే షీట్ బయటికి ఉబ్బింది. ఒక పక్క టేపు ఊడిపోయింది.

ఫ్యాన్ ఆపి, ఆమెని అక్కణ్ణించి పంపేశాను. అరిచానేమో కూడా. మేస్త్రి పరుగున వచ్చి టేపు వేశాడు, మెట్లు మూయించాడు, గాలి శాంపిల్ తీయించాడు. మా ఫ్యాన్‌ని సంచిలో వేసి మూతి బిగించేశాడు. కదలవన్న లైన్లు గంటలో రెండో అంతస్తుకి కదిలాయి.

ఏసీ జోలికి పోవద్దని అందరికీ వందసార్లు చెప్పాను. ఫ్యాన్ గురించి ఒక్కసారీ చెప్పలేదు. దాన్ని మోసుకొచ్చిందే నేను.

అదే రోజు, సాయంత్రం

రిజల్ట్ వచ్చేదాకా ఆ అమ్మాయికేమీ చెప్పొద్దు, నిండు మనిషి, కంగారు పడుతుందని మేనేజర్ అన్నాడు. సబబే అనిపించింది. బస్సెక్కి కూర్చున్నాను కూడా. ఆమె ఆ బట్టలతోనే ఇంటికెళ్లి, వాటిని దులిపి ఆరేస్తుందని గుర్తొచ్చింది. దిగి వెనక్కి నడిచాను.

గేటు దగ్గర దొరికింది. ఉన్నదున్నట్టు చెప్పాను. బట్టలు దులపకు, తడిపి సంచిలో పెట్టివ్వు, తలస్నానం చెయ్యి అన్నాను. బిడ్డకేమన్నా అవుతుందా బాబాయ్ అని అడిగింది. నాకు తెలియదమ్మా అన్నాను. ఆ మాట అనడం కంటే బ్లోయర్‌ని ఎత్తుకుని మెట్లెక్కడం సులువు. నిన్ను తిట్టాలో మెచ్చుకోవాలో తెలియడం లేదు, ఇప్పటికైతే వెళ్లిపో అంది. వచ్చేశాను.

మే 1

మన ఫ్యాన్ ఏదండీ అంది మా ఆవిడ. చెప్పాను. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మే 3

ప్లాంట్ రూంకి ఇంటర్‌కమ్‌లో ఫోన్ వచ్చింది. హలో అమ్మాయి. షీట్ ఎలా ఉంది బాబాయ్ అని మాత్రం అడిగింది. లోపలికే వంగి ఉందమ్మా అన్నాను. పెట్టేసింది. గంట తర్వాత మళ్లీ అదే. సాయంత్రానికి ఫోన్ మోగకముందే వెళ్లి చూసి రావడం అలవాటైపోయింది.

మే 5

రిజల్ట్ వచ్చింది. మెట్ల దగ్గర గాలిలో ఏమీ దొరకలేదు. లంచ్ కాబట్టి లోపల ఎవరూ పీకడం లేదు, పీకిందంతా తడిపి మూట కట్టి ఉంది, అదృష్టం అన్నాడు మేస్త్రి. అలాంటి అదృష్టం నాకింకోసారి వద్దు.

రెండో అంతస్తుకి పరిగెత్తాను. ఆమె కుర్చీ ఖాళీ. పొద్దున్నే నొప్పులొచ్చి తీసుకెళ్లారట. వాళ్లాయనకి ఫోన్ చేసి రిజల్ట్ చెప్పాను. హాస్పిటల్ హడావుడిలో ఉన్నాడు, సరేనండీ సరేనండీ అని పెట్టేశాడు. ఆమెకి చెప్పాడో లేదో.

మే 19

నాలుగో అంతస్తు పని పూర్తయింది. డక్ట్ లోపల తుడిచారు, మళ్లీ శాంపిల్ తీశారు, క్లీన్ అన్నారు. తాళం తీశాను. బ్లోయర్ ముందు దగ్గింది, తర్వాత గొంతు సవరించుకుంది. ఐదో అంతస్తులో అందరూ గ్రిల్స్ కింద మొహాలెత్తి నిలబడ్డారు.

మెడ బోసిపోయిందే అంది మా ఆవిడ. కొత్త ఫ్యాన్ ఎప్పుడు కొంటున్నారని కూడా అడిగింది.

మే 20

ప్లాంట్ రూంలో ఫోన్. ఎవరూ మాట్లాడలేదు. పసిపిల్ల ఏడుపు. గుండెల నిండా గాలి పీల్చుకోవడం, మళ్లీ ఏడవడం.

సరిగ్గా వినపడలేదు. బ్లోయర్ ఆపేసి విన్నాను.