పన్నెండో నంబరు పని

మార్చి పదకొండు, బుధవారం

యంత్రాలకు పాఠాలు చెప్పే టీచరమ్మకు,

నీ పక్క సీటు మనిషి నమస్కారాలు. నేను క్షేమం, నువ్వూ క్షేమమని తలుస్తాను అని రాయడం ఉత్తరానికి మర్యాద. క్షేమం మాటెలా ఉన్నా మర్యాద పాటిస్తున్నాను. ఫోన్ చేస్తే ఎత్తవు, మెసేజీ పెడితే చేరదు. ఉత్తరాన్ని బ్లాక్ చేసే బటన్ ఇంకా ఎవరూ కనిపెట్టలేదు కాబట్టి కాగితం మీద పడ్డాను.

ఆఫీసులో ఏడుగురం ఐదుగురమయ్యాం. మేనేజరు ఇప్పటికీ ఒక్క నిమిషం అని పిలిచి గంట కూర్చోబెడతాడు. నీ సీట్లో ఎవరూ చేరలేదు, పాత మానిటర్లు పెట్టారు. మధ్యాహ్నం నేను వాటి పక్కనే కూర్చుని అన్నం డబ్బా తెరుస్తాను. రోజంతా నేనాడే మాటల్లో సగానికి పైగా మన కంప్యూటర్లో చెప్పిన పనులు చేసిపెట్టే ఏఐ ఏజెంటుకు టైపు చేసేవే. పాపం, అది ఎన్నిసార్లు అడిగినా విసుక్కోదు. నువ్వయితే రెండోసారికే విసుక్కునేదానివి. అలా విసుక్కునే మనిషి లేక నాకేమీ తోచడం లేదు.

ఒక కొత్త నియమం వచ్చింది. ఏజెంటు కంప్యూటర్లో కంటికి కనబడకుండా వెనకాల నడిపే ప్రతి పనికీ నంబరుతో పాటు ఎవరిదో పేరు రాయాలట. ఆపాలంటే ఎవరు ఆపమన్నారో కూడా నమోదవ్వాలట. పాస్‌వర్డులు గుర్తుపెట్టుకోలేక ఏడుగురం ఒకే లాగిన్‌తో కాలక్షేపం చేశాం కదా, ఇప్పుడు ఎవరిది వాళ్ళకే. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టుంది.

ఆ ఆర్నెల్ల కిందటి సంగతే రాయాలి. నత్తి ఉన్నవాళ్ళ మాటను ఓపిగ్గా అర్థం చేసుకునే యంత్రం కావాలని నువ్వు రెండొందల పన్నెండు మంది గొంతులు రికార్డు చేశావు. మొదటి గొంతు మీ తమ్ముడిది. అవన్నీ యంత్రానికి నేర్పే పని వెనకాల పదకొండు రోజులు నడవాలి. తొమ్మిదో రోజున ఆగిపోయింది. రికార్డులో మిగిలింది ఒక్క ముక్క, పన్నెండో నంబరు పని ఆపబడింది అని. ఆ యంత్రాన్ని చూసి తీసుకోవడానికి రావలసిన ఆసుపత్రివాళ్ళు వారం తిరిగేలోగా వేరే కంపెనీని చూసుకున్నారు.

కంప్యూటర్లో మెమరీ ఖాళీ చేయడం కోసం ఏజెంటే దాన్ని ఆపేసిందని, ఆపే అధికారం దానికిచ్చింది నువ్వు కాబట్టి తప్పు నీదేనని మేనేజరు తేల్చేశాడు. మనిషిని అడగకుండా ఏదీ ఆపకూడదని దానికి రాసిపెట్టానని నువ్వు చెబుతూనే ఉన్నావు. ఎవరూ వినలేదు. మధ్యలో ఒకసారి నావైపు చూశావు. నేను నోట్‌బుక్కులో తేదీ రాసుకుంటున్నట్టు తల దించుకున్నాను. ఎంత చెప్పినా యంత్రం యంత్రమే కదా అని తర్వాత చాలా రోజులు నాకు నేనే చెప్పుకున్నాను.

నిన్న టీ దగ్గర మేనేజరు అన్నాడు, నువ్వు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్న చోటివాళ్ళు నీ గురించి అడిగారట. శుక్రవారం జవాబిస్తాడట. మనిషి మంచిదే కానీ అజాగ్రత్త అని రాస్తాడట. అలా రాయవద్దని బతిమాలాను. కాదనడానికి నా దగ్గర ఆధారమేముందని అడిగాడు. వచ్చి సీట్లో కూర్చున్నాను.

నువ్వంటే నాకు ఎంత ఇష్టమో ఎప్పుడూ చెప్పలేదు. మీ తమ్ముణ్ణి అడిగానని చెప్పు. అతను నాతో మాట్లాడేటప్పుడు తొందరపెట్టకుండా వినేదాన్ని, ఆ ఒక్క మంచి పనైనా గుర్తుంచుకోమను.

ఇట్లు,
నీ పక్క సీటు

తా.క. కవరు అంటించబోయి మళ్ళీ విప్పాను. టీచరమ్మా, ఏజెంటు అడిగింది. నువ్వు రాసిపెట్టినట్టే అడిగింది. నా రిపోర్టుకు మెమరీ చాలడం లేదని, పన్నెండో నంబరు పని ఆపమంటారా అని నన్నే అడిగింది. మధ్యలో దాచిన కాపీ ఏదీ లేదు, ఆపితే తొమ్మిది రోజుల పనీ పోతుందని కూడా చెప్పింది. రిపోర్టుకు తొందరేమీ లేదు, రెండు రోజులు ఆగొచ్చు. ఆ పని నీదని నాకు తెలుసు. అయినా ఆపమన్నాను. ఆ మాటలన్నీ నా మెషీన్లో ఉన్నాయి, చెరపడానికి చేతులు రాలేదు. ఇందాకే మేనేజరుకు పంపించాను. ఒక ప్రతి ఈ కవర్లో పెడుతున్నాను, ఎవరికి కావాలంటే వాళ్ళకు చూపించు. మేనేజరు రేపు పదింటికి రమ్మన్నాడు.

ఎందుకు చేశానని అడుగుతావు. ఆ తొమ్మిది రోజులూ నువ్వు తెర ముందు నుంచి లేవలేదు. నేను పిలిస్తే, నువ్వు తినేసెయ్ అన్నావు. ఆ పని ఆగితే నాతో భోజనానికి వస్తావనుకున్నాను. అది ఆగిన రోజు నువ్వు ఏడుస్తూ ఇంటికి వెళ్ళిపోయావు. నేను ఒక్కదాన్నే తిన్నాను.