పొగ ఎక్కడి నుంచి వస్తోంది

మార్చి 4

డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేసింది. నాన్న తలనొప్పికీ, కళ్లు తిరగడానికీ కారణం లారీ క్యాబిన్‌లో చేరే పొగ. నెల రోజుల్లో పొగైనా ఆగాలి, డ్రైవింగైనా ఆగాలి. పోయిన వారం మలుపులో లారీ రోడ్డు దిగి కంకర మీదికి వెళ్లిన సంగతి నాన్న ఆవిడకు చెప్పలేదు. నేను చెప్పాను. ఇంటికొచ్చేదాకా నాన్న నాకంటే పది అడుగులు ముందే నడిచాడు.

మా లారీ నాన్న కంటే రెండేళ్లు పెద్దది. పెట్రోలు ఇంజను. సామిల్లు నుంచి చెక్కలు మోస్తుంది. అది లేకుండా నాన్న పొద్దున్నే లేచి ఏం చేస్తాడో ఊహించాలని చూశాను. నా వల్ల కాలేదు.

మార్చి 6

పొగ దారి దొరికింది. పిస్టన్ల పక్క నుంచి జారిన పొగ ఇంజను అడుగున, ఆయిల్ ఉండే క్రాంక్‌కేస్‌లో చేరుతుంది. తర్వాత వచ్చిన బండ్లలో అది ఒక వాల్వ్ గుండా మళ్లీ ఇంజనులోకే వెళ్లి కాలిపోతుంది. మా బండికి ఆ వాల్వ్ లేదు. ఇంజను పక్క నుంచి కిందికి ఒక ఇనుప గొట్టం ఉందంతే, డ్రాఫ్ట్ ట్యూబ్. బండి పరుగెడుతుంటే గాలి ఆ పొగను లాక్కుపోతుంది. ఎత్తు ఎక్కేటప్పుడూ, లోడింగ్ దగ్గర ఆగినప్పుడూ పొగంతా క్యాబిన్ అడుగు సందుల్లోంచి లోపలికి వస్తుంది.

ఆ వాల్వే, పీసీవీ వాల్వ్, మా బండికీ పెట్టాలి. డిప్లమాలో ఈ ప్రశ్నకి నాకు పదికి తొమ్మిది వచ్చాయి. మా ఇంట్లో బడి మొహం చూసిన మొదటి మనిషిని నేను. ఆ తొమ్మిది ఇంట్లోవాళ్లకి ఇప్పుడైనా పనికిరావాలి.

మార్చి 9

నాన్న సరేననలేదు, వద్దనలేదు. వద్దన్నది మేస్త్రీ. లారీ ఉండేది ఆయన షెడ్లోనే. ముప్పై ఏళ్లుగా ఆ ఇంజను మీద ఇంకో మెకానిక్ చెయ్యి పడలేదు. దాని పొగ దానికే తాగిస్తావా ఇంజనీరమ్మా అని అడిగాడు. షెడ్డంతా నవ్వింది. ఆ పేరు ఇక నాకు అంటుకున్నట్టే. వాల్వ్ సైజు ఎలా తేల్చావని అడిగి, నేను లెక్క చెప్తుండగానే టీకి వెళ్లిపోయాడు.

మార్చి 13, సాయంత్రం

అయిపోయింది. డ్రాఫ్ట్ ట్యూబ్ తీసేసి ఆ రంధ్రం మీద ప్లేటు బిగించాను. ప్లేటులో గ్రోమెట్ అనే రబ్బరు చుట్టు, అందులో పాత కారు నుంచి తెచ్చిన వాల్వ్, అక్కడి నుంచి ఇంజను గాలి పీల్చే మానిఫోల్డ్‌కి పైపు. స్టార్ట్ చేసి, ఆయిల్ పోసే మూత తీసి, ఆ నోటి మీద కాగితం పెట్టాను. అతుక్కుంది. ఇంజను పొగ ఊదడం మాని లోపలికి పీలుస్తోంది.

నాన్న గంటసేపు తిప్పి వచ్చాడు. వాసన వచ్చిందా అని అడిగాను. లేదన్నాడు.

మార్చి 16

వాసన లేదు.

మార్చి 17

వాసన లేదు. తలనొప్పి ఉంది.

మార్చి 18

వాల్వ్ గ్రోమెట్‌లో వంకరగా ఉంది. నేను నిటారుగా పెట్టాను, బాగా గుర్తు. చుట్టూ నల్లగా ఆయిల్ చెమ్మ. ఎవరో దాన్ని పీకి మళ్లీ గుచ్చారు.

సరిచేసి, వాల్వ్ మీంచి ప్లేటు మీదికి గోళ్లరంగుతో సన్నగా గీత గీశాను. రంగు అమ్మది. అమ్మ దగ్గర గోళ్లరంగు ఉందని ఇవాళే తెలిసింది.

మార్చి 19, ఉదయం 8

గీత తెగింది.

మార్చి 20

మళ్లీ గీశాను. మళ్లీ తెగింది. షెడ్డుకి తాళంచెవులు రెండే. ఒకటి మేస్త్రీ దగ్గర, ఒకటి నాన్న దగ్గర. నేను వంగి చూస్తుంటే మేస్త్రీ చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. ఎప్పుడూ పెట్టుకోడు.

మార్చి 21

అందరి ముందూ అడిగేశాను. నా పని చెడగొడితే మీకేం వస్తుంది బాబాయ్ అన్నాను. ఆయన స్పానర్ కింద పెట్టి, గుడ్డతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు.

"నీ వాల్వ్ ముట్టుకోవాలంటే నీకు చెప్పే ముట్టుకుంటానమ్మా."

ఇంజనీరమ్మా అనలేదు. ఆ నెమ్మది నాకు నచ్చలేదు. ఏదో దాచేవాళ్లే అలా మాట్లాడతారు.

ఇంట్లో చెప్తే, మీ నాన్నకి స్టీరింగ్ పట్టుకోవడం నేర్పింది ఆ మనిషేనని అమ్మ అంది. మంచినీళ్ల గ్లాసు నా ముందు చప్పుడయ్యేలా పెట్టింది.

మార్చి 22

సామిల్లు వాళ్లు ఫోన్ చేశారు. నాన్న బండి రోడ్డు పక్కన ఆపి గంటసేపు పడుకున్నాడట. వాసన వచ్చిందా అని అడిగాను. లేదన్నాడు, గోడకేసి చూస్తూ. డాక్టరు పెట్టిన గడువుకి ఇంకా పదమూడు రోజులు.

మార్చి 23, ఉదయం 5.20

షెడ్డు పక్కన టైర్ల గుట్ట చాటున ఉన్నాను. తాళం తీసింది మేస్త్రీ కాదు.

అదే రోజు, 11 గంటలు

నాన్న.

ఇంజను స్టార్ట్ చేశాడు. బానెట్ ఎత్తాడు. వాల్వ్ పీకి పక్కన వేలాడదీసి, ఆ రంధ్రం మీద అరచెయ్యి పెట్టాడు. తల పక్కకి వంచి, పెదవులు కదుపుతూ నిలబడ్డాడు, లెక్కపెడుతున్నట్టు. నేను ఎదురుగా వెళ్లి నిలబడినా చెయ్యి తియ్యలేదు.

ఇరవై ఏళ్లుగా రోజూ బండి కిందకి దూరి డ్రాఫ్ట్ ట్యూబ్ మూతి దగ్గర చెయ్యి పెట్టేవాడట. అరచేతికి తగిలే ఊపిరిని బట్టి ఇంజను ఎలా ఉందో తెలుస్తుందట. ఆ ట్యూబ్ నేను పాత ఇనుము కుప్పలో పడేశాను. నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"అంత చదివి పెట్టావు. మధ్యలో నా చెయ్యెందుకులే అనుకున్నా."

నా చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టాడు. వెచ్చగా, జిడ్డుగా గాలి. మూడో సిలిండరు తన్నుతోంది, తెలుస్తోందా అన్నాడు. నాకు తెలియలేదు. మూడో ప్లగ్ వైరు పీకాడు. అరచేతిలో తన్ను తగ్గింది. మళ్లీ తగిలించాడు. మళ్లీ తన్నింది. అప్పుడు తెలిసింది.

మూడో పిస్టన్ చుట్టూ పొగను ఆపే రింగు పోయిందని ఆయనకి ఏడాదిగా తెలుసు. ఇంజను విప్పితే బండి ఎన్నాళ్లు ఆగుతుందోనని నోరెత్తలేదు. నేను బాగున్న ఇంజనుకి సరిపోయే వాల్వ్ లెక్కగట్టాను. ఈ ఇంజను లోడుతో ఎంత పొగ వదులుతోందో కొలవనే లేదు, కాగితం పెట్టి చూసింది ఆగి ఉన్న బండిలోనే. పైగా ఆయన రోజూ పీకి వంకరగా గుచ్చిన చోట మిగతా పొగ బయటికొస్తోంది.

మార్చి 24

మేస్త్రీకి ఏం చెప్పాలో కాగితం మీద రాసుకుని వెళ్లాను. తీరా అక్కడ కాగితం జేబులోంచి తియ్యలేదు. తప్పు నాది బాబాయ్, అందరి ముందూ అన్నాను కాబట్టి అందరి ముందే చెప్తున్నా అన్నాను. అసలు పోయింది పిస్టన్ రింగని కూడా చెప్పాను. ఆయన పని చేసుకుంటూనే, ఎన్నో సిలిండరు అని అడిగాడు. మూడోది అన్నాను. ఎవరు చెప్పారన్నాడు. నాన్న చెయ్యి అన్నాను.

అయితే ఇంజను హెడ్ ఎప్పుడు విప్పుదాం ఇంజనీరమ్మా అన్నాడు.

మార్చి 29

మూడో పిస్టన్ పై రింగు రెండు ముక్కలుగా వచ్చింది. అన్నిటికీ కొత్తవి వేశాం. ప్లేటు మీద మరో చిన్న నోరు పెట్టించాను, మరతో బిగిసే మూతతో సహా. అది నాన్న అరచేతికి. వాల్వ్ ఇక ఎవరూ పీకక్కర్లేదు.

ఏప్రిల్ 1

రెండు రోజులుగా రోజంతా లోడే. తలనొప్పి లేదట. వాసన లేదట.

నాకెందుకో నమ్మకం కుదరడం లేదు. ఆ "లేదు" మొదటి రోజు నుంచీ ఒకేలా ఉంది.

ఏప్రిల్ 3

నా అనుమానం డాక్టరుకి చెప్పాను. నాన్నని కళ్లు మూసుకోమని, మూడు సీసాలు ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టింది. మొదటిది నీళ్లన్నాడు. అందులో ఉన్నది స్పిరిట్. రెండోది నీళ్లన్నాడు. లవంగ నూనె. మూడోది నేను షెడ్డు నుంచి తీసుకెళ్లిన పెట్రోలు.

నీళ్లు.

ఎన్నాళ్ల నుంచి ఇలా అని ఆవిడ అడిగింది. పదేళ్లయి ఉంటుందన్నాడు. అమ్మ వంట మాడినప్పుడల్లా బాగుందనేవాడు. మంచి మనిషని అనుకునేవాళ్లం.

తలనొప్పి తగ్గడం మంచిదే కానీ అదొక్కటే చాలదంది డాక్టరు. రెండు వారాలు నమ్మదగిన ముక్కు ఒకటి బండిలో వెంట ఉండాలట. అప్పుడే తేలుస్తానంది.

ఏప్రిల్ 4, ఉదయం 6.40

నాన్న పక్క సీటు. పూర్తి లోడు, ఎత్తు ఎక్కుతోంది, అక్షరాలు కుదరడం లేదు. పచ్చి చెక్క వాసన. సీటు రెక్సిన్ వాసన. నా చెమట. ఇంకేమీ లేదు.

కిటికీ అద్దం ఎక్కించి మళ్లీ పీల్చాను.