రెక్కల గుర్రం సముద్రం దాటిందా

నాన్నా,

ఏడో తరగతిలో నేను సగం చదివిన రెక్కల గుర్రం నవలను చింపి, మన హుజూర్‌నగర్ కొట్లో జీలకర్ర పొట్లాలు కట్టావు. “కథల బుక్కులు కడుపు నింపుతయా?” అన్నావు. ఆ కోపం నాకింకా పోలేదు.

ఈరోజు నీ సంవత్సరీకం. మిర్యాలగూడలో అదే నవల దొరికితే తెచ్చుకుని, చుట్టాలందరి ముందూ కూర్చుని చదివాను. అమ్మ పక్కకొచ్చి చెప్పింది.

“మీ నాయిన ఎప్పుడైనా ఎనక నుంచే కాయితాలు చింపేటోడు. నీ బుక్కుల మిగిలింది గల్లపెట్టె కాడ కూసొని సదివిండు. ఆఖరు కాయితాలు అప్పటికే ఎవరింటికో పోయినయ్. గుర్రం సముద్రం దాటిందో లేదోనని శాన దినాలు పరేషాన్ అయిండు.”

నాతో ఒక్క మాట అనలేదు నువ్వు.

పుస్తకం ఇప్పుడే పూర్తయింది. గుర్రం ఏమైందో నీకు చెప్పను.