గాలి తీయని బండి

మల్దకల్

చిరంజీవి చరణ్‌కు అక్క ఉమారాణి దీవెనలు.

ఇక్కడ మేమంతా క్షేమం అని రాసి మొదలుపెట్టాలి. మా క్షేమం సంగతి చివర్లో రాస్తాను, ముందే రాస్తే మిగతాది చదవవు. నువ్వు క్షేమంగా ఉండాలనే ఈ ఉత్తరం. కానీ నీ మీద నాకు ఒళ్లు మండిపోతోంది, అది మాత్రం మొదట్లోనే తెలుసుకో.

ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్ మోగితే చాలు, అమ్మ వచ్చి నా పక్కన కూర్చుంటుంది. నేను నోరు తెరిస్తే తొడ గిల్లుతుంది. అందుకే ఈ కాగితం నీ రోబో బండితో పాటు అట్టపెట్టెలో పెట్టి బస్సు పార్సిల్లో వేస్తున్నాను.

నీ మెసేజ్‌లో అడిగినవాటికి జవాబులు. వేరుశనగ బాగానే ఉంది. మీ బావ అడవిపందుల కాపలాకు పోయి పొలంలోనే ఉంటున్నాడు. పెళ్లిళ్ల జాకెట్లతో నాకు చేతినిండా పని. నీ రోబో బండిని ఎవరూ ముట్టలేదు కదా అని అడిగావు. దాని దగ్గరికే ఎవరూ పోవడం లేదు. కొట్టంలో ఒక మూలకు నెట్టి గోనెసంచులు కప్పాం.

రోబో బండ్ల కొట్లాట పోటీ గురించి నువ్వు రాసింది చదివాకే నా ఓపిక చచ్చింది. ఎదుటి బండిని ఎత్తిపడేసే ఆ ఇనుప చెయ్యి దానంతట అది లేవకుండా అడ్డంగా కడ్డీ పెట్టకపోతే తనిఖీవాళ్లు ఒప్పుకోరట. "వాళ్లకు చూపెట్టేటప్పుడు పెట్టి, అటెంక తీసేస్తం. పండగకు గట్లనే ఉండె కద అక్కా, ఏమన్న అయిందా?" అని రాసి పక్కన నవ్వే బొమ్మ పెట్టావు. ఆ బొమ్మను చూసి ఫోన్ నేలకేసి కొట్టబోయాను.

పండగకు ఏమైందో చెబుతాను, విను. దసరాకు ఆ బండిని ఇంటికి తెచ్చావు. సిలిండర్ నిండా గాలి నింపి, వాకిట్లో సిమెంటు ఇటుకను ఎగరేసి వాడకట్టంతా చప్పట్లు కొట్టించుకున్నావు. పరీక్ష ఉందని ఆయుధపూజకు ముందు రోజే హైదరాబాద్ బస్సెక్కావు. పోతూపోతూ బండిని పూజలో పెట్టమని అమ్మకు చెప్పావు. దాంట్లో గాలి ఉందేమోరా అని నేను అడిగితే ఏమన్నావు? "వైరు తీసేసిన అక్కా. కరెంటు లేకుంటే అది ఉట్టి ఇనుము" అన్నావు. వైరు తీస్తే కరెంటు పోతుంది. గాలి ఎక్కడికి పోతుందిరా? సిలిండర్లో బిగబట్టుకుని కూర్చుంటుంది.

అమ్మ పూజ ఎట్లా చేస్తుందో నీకు తెలియదా? నాగలికి, ట్రాక్టరుకు, నా కుట్టుమిషనుకు, చివరికి బోల్టులకు కూడా బొట్టు పెట్టందే లేవదు. నీ బండి మీదికి వంగి తడిబట్టతో శుభ్రంగా తుడిచింది. గాలిని వదిలే వాల్వు మీద, చేత్తో నొక్కి పరీక్షించడానికి చిన్న గుండ్రటి బటన్ ఉంటుంది కదా, సరిగ్గా బొట్టంత. దానికి పసుపు రాసి, కుంకుమ అద్ది, వేలితో గట్టిగా ఒత్తింది.

ఇనుప చెయ్యి లేచి ఆమె ముఖానికి తగిలింది.

బండల మీద జారిపడ్డానని అమ్మ నీతో ఫోన్లో చెప్పింది అబద్ధం. కర్నూలు దవాఖానకు తీసుకుపోతుంటే, ముఖానికి అదిమిపెట్టిన కొంగు నెత్తుటితో తడిసిపోతుంటే ఆమె నాతో అన్న మాట ఇది: "పిల్లగానికి చెప్పకే. పరేషాన్ అయితడు. ఇగ ఆ బండి ముట్టడు." నా చేత ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టును ఇప్పుడు తీసి గట్టున పెడుతున్నాను. నువ్వు పరేషాన్ కావాలి.

మీ జట్టులో ఉన్న మనీషాకు ఫోన్ చేశాను. "మస్తుసార్లు చెప్పినం అక్కా. కడ్డీ పెట్టు, గాలి తియ్యి, అటెంక ముట్టుకుందం అంటే, భయపడ్తున్నరని నవ్వుతడు. మీదికి వంగి వైర్లు కలిపేది నేనే" అంది. అమ్మ వంగిన చోటే ఆ పిల్ల ఇన్నాళ్లూ వంగింది, బండి చేరగానే మళ్లీ వంగుతుంది. ఆమె ఇంట్లో వాళ్లకు ఏమని చెబుతావు? బండల మీద జారిపడిందనా?

మనీషా ఫోన్లో చెబుతుంటే నేనే గాలి తీశాను. గద్వాలలో వెల్డింగ్ షాపుకు పోయి కడ్డీ చేయించి ఎర్రరంగు వేయించాను. ముందు దాన్ని చెయ్యికి అడ్డంగా దూర్చి, పక్కకు జరిగి కూర్చుని, సిలిండర్ మర మెల్లగా తిప్పాను. అంతా అయిపోయిందనుకున్న గాలి ఇంకా సగం ఉంది. పాము బుసకొట్టినట్టు చాలాసేపు కొట్టింది. మీటరులో ముల్లు సున్నా మీద ఆగేదాకా నేను కదలలేదు. నువ్వూ అట్లాగే చెయ్యాలి. పోటీ బరి తలుపు మూయబోయే ముందు మాత్రమే కడ్డీ తీయాలి, ఆట అయి తలుపు తెరిచాక మొదట అదే పెట్టాలి, ఆ తర్వాతే గాలి తీయాలి, ఆ తర్వాతే వైరు ముట్టాలి. నీ మెసేజ్‌ను పోటీ పెట్టేవాళ్లకు కూడా పంపించాను. నీ బండిని రెండుసార్లు చూస్తామన్నారు. కోపం వస్తే రానీ.

ఇక నువ్వు అడిగిన చివరి మాట. వీడియో కాల్‌లో అమ్మ ఎప్పుడూ ఒక పక్కకే తిరిగి ఎందుకు కూర్చుంటోందని అడిగావు. ఎడమ కన్ను పోయింది చరణ్. ఇక రాదని డాక్టరు చెప్పాడు. అది నీకు కనబడకూడదని అట్లా కూర్చుంటోంది.

ఇందాక పెట్టె కడుతుంటే కుంకుమ భరిణె పట్టుకుని వచ్చింది. "బొట్టు లేకుండ పంపుతవా? గాలి పోయిందా మరి?" అంది. పోయిందన్నాను. బటన్ మీద పెట్టబోయింది, కానీ వేలు పక్కకు పడింది. ఆమె సరిగ్గానే పెట్టాననుకుంది. దాన్ని తుడవకు.

పోటీ అయ్యాక గెలిచినా ఓడినా ఇంటికి రా. వచ్చినప్పుడు అమ్మకు కుడివైపు నుంచి రా. ఎడమవైపు నుంచి వస్తే నువ్వు ఆమెకు కనబడవు.

ఇట్లు
కోపం తగ్గని మీ అక్క,
ఉమారాణి