కొలతల ఫొటో

బుధవారం, రాయగడ

మా మానవశాస్త్రం మొదట్లో మనుషుల తలలు, ముక్కులు కొలిచి జాతులు తేల్చేదని క్లాసులో చదివినప్పుడు అదంతా పాత కథే అనుకున్నాను. ఈరోజు బిస్సమ్ కటక్ సంతలో అప్పటి ఫొటో ఒకటి చూపిస్తే, పసుపు అమ్మే కొంధ్ తెగ ముసలామె తూకం ఆపేసి దానిమీదకి వంగింది. ఫొటోలో తలకి ఇనుప కొలబద్ద పెట్టించుకుని బిగుసుకుపోయి నిలబడ్డ ఆ పడుచు ఆమె అత్తగారట. నుదుటి పచ్చబొట్టు చూసి గుర్తుపట్టింది.

"ఇది నాకిచ్చెయ్ అమ్మీ. మా అత్తని ఇలాగ ఎవుళికీ సూపించకు," అంది.

మా ప్రొఫెసర్‌గారికి ఫోన్ చేశాను. "నా కొత్త పుస్తకానికి అదే అట్టమీది బొమ్మ. ఆ పాత తప్పునే కదా మనం బయటపెడుతున్నది! ఎలాగైనా ఆమెను ఒప్పించు," అన్నారు. ఆయన్ని కాదంటే నా పీహెచ్‌డీ అక్కడితో సరి. నాన్న కొట్లో కూర్చోమంటారు. పుస్తకం అట్ట సంగతి ముసలామెకు చెప్పాను.

"నానొద్దంటే మానేస్తారేటి?" అని ముసలామె అడిగింది.

ఫొటో ఆమె చేతిలో పెట్టేశాను. కళ్ళకద్దుకుని చీర మడతలో దాచుకుంది. నా తల నిమిరింది.

అది నకలేనని, అసలుది ప్రొఫెసర్‌గారి దగ్గరుందని చెప్పలేకపోయాను.