నా సమాధిరాయి మీద ఆ ఒక్క మాట గురించి

మార్కాపురం కాపురస్తుడను, కీర్తిశేషురాలు మార్తమ్మ కొడుకును, సమాధిరాళ్లు చెక్కి బతికే దారా శ్యాంసన్ అను నేను, నలభై తొమ్మిదో ఏట నా చేత్తో రాసుకున్న వీలునామా. రాతిదుమ్ము నా ఊపిరితిత్తుల్లో కాపురం పెట్టింది గానీ తలకాయలోకి ఎక్కలేదు. తెలివిగానే ఉన్నాను. ఎవరూ బలవంతపెట్టలేదు, పెట్టేంత ఆస్తీ లేదు.

1. ఈ కాగితాన్ని మా నిత్యానందం మామ అమలు జరపాలి. నా పెట్టెకు మూత వేయకముందే, పాస్టరుగారు గొంతు సవరించుకోకముందే, అందరి ఎదుట పైకి చదవాలి.

2. నా రెండు గదుల ఇల్లు, ఉలులు, సుత్తి మా చెల్లెలు కృపారాణికి సర్వహక్కులతో చెందాలి. నాకు ఒత్తులు సరిగా రావు. ఆమె సుద్దముక్కతో రాసిస్తే దాని మీదనే చెక్కేవాణ్ణి. కంభం దగ్గర గొర్రెలు మేపుకునే నరేంద్రను చేసుకొని బొట్టు పెట్టుకుందని మా అన్న వెస్లీ ఆమెను గడప తొక్కనీయలేదు. ఆ తర్వాత నా రాళ్ల మీద పడిన తప్పులు ఊరందరికీ తెలుసు.

3. మా అన్న వెస్లీకి అమ్మ నులకమంచం. చివరి రోజుల్లో అమ్మ దాన్ని తలుపుకెదురుగా వేయించుకుంది. ఎవరి అడుగు వినబడినా "కృపా వచ్చినాదా నాయనా?" అని అడిగేది. అన్నా, నువ్వు ఆమెకు కబురు కూడా పంపనీయలేదు. అమ్మ పోయినాక మైకు పట్టుకొని "మాయమ్మ తృప్తిగా పోయింది, స్తోత్రం" అన్నావు. ఆ మంచంలో ఒక్కసారి పడుకొని తలుపు వైపు చూడు.

4. తృప్తి అన్న మాటను ఈ చుట్టుపక్కల నేను చెక్కినన్ని సార్లు ఎవరూ చెక్కి ఉండరు. పెళ్లిలో ముక్క తక్కువైతే తృప్తి లేదని ఏళ్ల తరబడి దెప్పే మనుషులే, పురుగుమందు తాగి పోయినవాడి రాయి మీద "సంతృప్తితో నిద్రించెను" అని చెక్కించినారు. కూలి తీసుకొని చెక్కినాను. అమ్మ రాయి మీద మాత్రం ఆ మాటను ఉలి తగిలీ తగలనట్టు గీసినాను. రెండు వానలకే పోయింది. దయ్యం చెరిపిందని వెస్లీ ఉపవాస ప్రార్థన పెట్టించినాడు. దయ్యాన్ని నేనే. అందరితో కలిసి ఆమెన్ కూడా చెప్పినాను.

5. వెస్లీ తానే కంభం పోయి చెల్లెల్ని పిలుచుకొచ్చి, మొదటి గుప్పెడు మట్టి ఆమె చేత వేయించాలి. ఆమె వచ్చేంతవరకు నన్ను గుంటలో దించరాదు. ఎండాకాలమైతే తొందరపెట్టే పని నా శవమే చూసుకుంటుంది.

6. నా రాయి మీద పేరు చెక్కి పెట్టినాను. కింద ఒక వరుస ఖాళీ. అది వెస్లీది కాదు, పాస్టరుగారిదీ కాదు. అన్న ఇంట్లో కూర్చొని అన్నం తిన్నాక, కృపారాణికి తోస్తే తృప్తి అన్న ఆ మాట అక్కడ సుద్దతో రాస్తుంది. తోయకపోతే ఖాళీగానే ఉండనీయండి. రాసిందా, నా దగ్గర పని నేర్చిన శ్రీహరీ, లోతుగా చెక్కు.

మార్కాపురం, 26 ఫిబ్రవరి 2024

(సంతకం) దారా శ్యాంసన్

దగ్గు ఆగినప్పుడల్లా ఒక్కో అక్షరం పెడుతూ అతను సంతకం చేయగా చూసిన సాక్షులు:
టీ కొట్టు గురుస్వామి
పక్కింటి సరస్వతమ్మ (వేలిముద్ర)